కమాను

మా నాయన దూది ఏకేవాడు. మా తాతా అంతే. ఇంటిపేరు దూదేకుల. ఈ మూడు ముక్కలు ఇట్లా వరసగా రాయడానికి నాకు యాభై ఏళ్ళు పట్టింది.

చదువుకునే రోజుల్లో నేను డి. మస్తాన్‌వలిని. ఉద్యోగంలో చేరాక డి.ఎం. వలిని. "డి అంటే ఏంటి మాస్టారూ?" అని స్టాఫ్‌రూములో ఎవరన్నా అడిగితే నవ్వి ఊరుకునేవాణ్ణి. ఉర్దూ మాట్లాడే సాయిబుల దగ్గర దూదేకుల అంటే "అట్లనా" అని ఒకసారి కిందా మీదా చూస్తారు. పెళ్ళి సంబంధం మాటైతే అక్కడితో ఆగిపోతుంది. హిందువుల దగ్గర అంటే "మీరు మావాళ్ళే లెండి, పేరుకే సాయిబులు" అంటారు, అదేదో పెద్ద కితాబు ఇచ్చినట్టు. అద్దె ఇల్లు అడిగినరోజు మాత్రం మళ్ళీ పూర్తి సాయిబులమైపోతాం. ఇంట్లో తెలుగు తప్ప మరో ముక్క రాదు. నమాజులో చదివే సూరాలు తెలుగు అక్షరాల్లో రాసుకుని బట్టీపట్టినవాళ్ళం. రిజర్వేషన్ కాయితంలో మేం బీసీ-బీ. మసీదు వరసలో ఎక్కడో చివర. ఊళ్ళో ఎవరి పెళ్ళికైనా పరుపులూ దిండ్లూ మావే.

ఇదంతా ఎందుకు ఎత్తానంటే, 2023లో మా అమ్మాయికి ఒక ఫిడేలు కొన్నాను. ఆ ఫిడేలు సంగతి రాద్దామని కూర్చుంటే నాయన విల్లు దగ్గర మొదలుపెట్టక తప్పడం లేదు.

దూది ఏకే విల్లు చూసినవాళ్ళు ఇప్పుడు తక్కువ. మనిషి నిలువుకంటే పొడుగు. ఒక చివర వెడల్పాటి చెక్క, రెండో చివర వంపు, మధ్యన బిగించిన నరం. నరమంటే గొర్రె పేగు. కడిగి, మెలితిప్పి, ఆరబెట్టిన పేగు. విల్లుని దూలానికి తాడుతో వేలాడదీసి, రెండు తలలున్న చెక్క గుబ్బతో నరాన్ని కొడితే అది దూదిలోపడి అదిరేది. టంయ్... టంయ్... గింజా నలకా కిందికి రాలి, దూది మబ్బులాగా లేచేది. నాయన కనురెప్పలు, మీసాలు, చెవుల వెంట్రుకలు అన్నీ తెల్లగా. చిన్నప్పుడు నాయన ముసలివాడై, సాయంత్రం స్నానం చేసి వయసువాడయ్యేవాడని అనుకునేవాణ్ణి. పరుపుల కాలంలో విల్లు భుజానేసుకుని గుంటూరు చుట్టుపక్కల ఊళ్ళు తిరిగేవాడు. "దూది ఏకుతాం" అని అరవడం ఉండదు. వీధి మొగదల నిలబడి నరాన్ని రెండుసార్లు మీటేవాడు. ఆ చప్పుడికే ఆడవాళ్ళు గడపల్లోకి వచ్చేవాళ్ళు.

బళ్ళో పిల్లలు నన్ను చూసి టంయ్ టంయ్ అనేవాళ్ళు. అందుకే ఆ చప్పుడంటే నాకు ఒళ్ళుమంట.

మా చిన్నాయనది ఇంకో దారి. తొమ్మిదో ఏట తాత ఆయన్ని చిలకలూరిపేట వైపు ఒక గురువు దగ్గర నాదస్వరానికి పెట్టాడు. పరుపుల పని వానాకాలం ఉండదు, పెళ్ళిళ్ళు రెండు కాలాలూ ఉంటాయని లెక్క. అట్లా ఒక ఇంట్లో ఒకడు విల్లు పట్టాడు, ఒకడు సన్నాయి పట్టాడు. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో సాయిబులు నాదస్వరం పట్టడం కొత్తేమీ కాదు. షేక్ చినమౌలానా కరవదిలో పుట్టి శ్రీరంగం వెళ్ళి స్థిరపడ్డారు. 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆయనకి సంగీత కళానిధి ఇచ్చింది. షేక్ మహబూబ్ సుభానీ, కాలేషాబీ దంపతులకి 2020లో పద్మశ్రీ వచ్చింది. మా చిన్నాయనకి పద్మశ్రీ కాదుగదా, కల్యాణమంటపంలో కుర్చీ కూడా సరిగ్గా రాలేదు. కానీ త్యాగరాజు కృతులు వందకు పైగా నోటికొచ్చు. నలభై ఏళ్ళు ఒక గుళ్ళో సుప్రభాతానికి వాయించాడు. తెల్లారుజామున ఫజర్ చదువుకుని, సైకిలెక్కి గుడికి పొయ్యేవాడు. దీంట్లో వింత ఏముందో ఆయనకి ఇప్పటికీ అర్థం కాదు. పేపరువాళ్ళు వచ్చి "మతసామరస్యం" అని ఫోటో తీసుకుంటే, "ఏందిరా అది, నా భూపాళం గురించి ఒక్క ముక్క రాయలేదే" అని బాధపడ్డాడు.

మా అమ్మాయి నూర్జహాన్‌కి సరళీ స్వరాలు చెప్పింది ఆయనే, నోటితో. ఆరేళ్ళ పిల్ల మాయామాళవగౌళ పాడుతుంటే ఇల్లంతా నవ్వుకున్నాం. సన్నాయి ఊదుతానంటే "వద్దమ్మా, ఊపిరి కష్టం. అదీగాక పెళ్ళిళ్ళెంట తిరగాలి" అన్నాడు. తిరిగినవాడు కాబట్టి అన్నాడు. ఆయనే మా పక్కపేటలో ఉన్న ఫిడేలు టీచరుగారి పేరు చెప్పాడు. సంగీత కళాశాలలో పనిచేసి రిటైరైనావిడ. హాల్లో ద్వారం వెంకటస్వామి నాయుడుగారి ఫోటో, పక్కన త్యాగరాజు పటం, కింద చాప.

నేను చేసిన పని ఇక్కడే ఉంది.

మొదటిరోజు టీచరుగారు పుస్తకం తీసి "పాప పేరు?" అన్నారు. హాల్లో ఇంకో ఆరుగురు పిల్లలున్నారు. గోడకి ఆనుకుని వాళ్ళ తల్లులున్నారు. నా నోటెంట "జాను అండీ. డి. జాను" అని వచ్చింది. నూర్జహాన్‌లో చివరి ముక్క తుంచి ఇచ్చాను. జాను అంటే జానకి కావచ్చు, జాహ్నవి కావచ్చు. ఎవరికి కావాల్సింది వాళ్ళు పూరించుకుంటారు. అబద్ధమాడలేదుగా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. పిల్ల నా చెయ్యి పట్టుకుని ఉంది. ఇంట్లో ముద్దుపేరు కూడా జానూనే కాబట్టి దానికేమీ తోచలేదనుకున్నాను.

నాలుగేళ్ళు డి. జానుగానే సాగింది. మొదట హాఫ్ సైజు, తర్వాత త్రీఫోర్త్. రెండూ ఫ్యాక్టరీ సరుకే. మొదటిది పెట్టె, కమాను, రోజిన్ బిళ్ళతో కలిపి 3,200 రూపాయలు. "ఎదిగే పిల్లకి మంచిది కొని దండగ, చెయ్యి పెరిగితే మార్చాల్సిందే" అని టీచరుగారే అన్నారు. 2020లో ఫోన్లోనే పాఠాలు. ఫోన్లో వినిపించే ఫిడేలు దోమకంటే కొంచెం నయం. అయినా పిల్ల వదల్లేదు.

పదకొండు నిండేసరికి మోహన వర్ణం దాకా వచ్చింది. వచ్చింది గానీ, ఎక్కడో ముడిపడిపోయింది. రోజూ ఇంట్లో ఏడుపు. శ్రుతి చేసుకోడానికే పావుగంట పట్టేది. బిరడా తిప్పితే నిలవదు, జర్రుమని జారిపోతుంది. సుద్దపొడి రాశాం, సబ్బు రాశాం. మనం నల్లచెక్క అనుకున్న పలక మీద వేళ్ళు జార్చీ జార్చీ నల్లరంగు లేచిపోయి కింద తెల్లచెక్క బయటపడింది. గమకం కోసం వేలు జార్చేచోట గుంటలు. పిల్ల వేళ్ళు నల్లగా. నేను "సాధన తక్కువైంది" అని కసిరాను. ఒకరోజు టీచరుగారు ఆ ఫిడేలు తీసుకుని తనే వాయించి, పక్కన పెట్టి, "మాస్టారూ, పాపది తప్పు కాదు. నేను వాయించినా ఇంతే పలుకుతోంది. ఇక ఫుల్ సైజు తీసుకోండి, ఈసారి మంచిది" అన్నారు. ఎడమచెయ్యి చాపించి, ఫిడేలు తల అరచేతిలోకి వస్తుందో లేదో, వేళ్ళు మడిస్తే చుట్టూ అందుతున్నాయో లేదో చూసి, "సరిపోయింది. ఇంక మార్చే పని లేదు" అన్నారు.

పిల్లని కసిరిన మాటలు వెనక్కి తీసుకోడానికి వీల్లేకపోయింది.

మంచిది అంటే ఏమిటో నాకు తెలీదు. ఒక్కణ్ణే బెజవాడలో ఒక పెద్ద దుకాణానికి వెళ్ళాను. కుర్రాడు మర్యాదగా కూర్చోబెట్టాడు. బిల్లు పుస్తకం తెరిచి పేరడిగాడు. మస్తాన్‌వలి అన్నాను. వెంటనే ముఖం వెలిగిపోయింది. "కవ్వాలీకా సార్? బుల్‌బుల్ తరంగ్ మంచివి వచ్చినయి, హార్మోనియాలు కూడా ఉన్నాయి, చూపించమంటారా?" అన్నాడు. పాపం అతను నన్ను అవమానించాలనుకోలేదు. బేరం కుదుర్చుకోవాలనుకున్నాడు. కవ్వాలీ తక్కువదనీ నేను అనను. కానీ నేను అడిగింది ఫిడేలు. "పాప కర్నాటక సంగీతం నేర్చుకుంటోంది" అంటే "ఓ" అన్నాడు. ఆ "ఓ" నాకు బాగా తెలిసిన "ఓ". ఏమీ కొనకుండా వచ్చేశాను.

బస్సులో కూర్చుని ఒక సంగతి ఆలోచించాను. ఈ ఫిడేలు ఎవరిది? పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో మద్రాసులో ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు యూరోపియన్ల దగ్గర నేర్చుకుని మన సంగీతానికి పట్టించాడంటారు. తెల్లవాళ్ళ బ్యాండులో నిలబడి గడ్డం కింద పెట్టుకునేదాన్ని చాపమీద కూర్చోబెట్టి, తల పాదం మీద ఆనించి, స-ప-స-ప శ్రుతిచేసి సొంతం చేసుకున్నారు. మొత్తం రెండువందల ఏళ్ళు. ఇప్పుడు ఫిడేలు లేని కచేరీ ఉందా? దాని మతం ఎవరూ అడగరు. మేం ఈ మట్టిలో అంతకు ఎన్ని వందల ఏళ్ళ ముందు నుంచి ఉన్నాం? మమ్మల్ని మాత్రం "ఎప్పుడొచ్చారు?" అని అడుగుతారు.

అవతలివైపు కూడా గొడవే. మా తోడల్లుడు జమాతుకి వెళ్ళొచ్చాక మాట మారింది. "ఆడపిల్లకి వాయిద్యమేంది బావా, హరామ్ కదా" అన్నాడు. నేను నీళ్ళు నమిలాను. నాయనే మంచంమీంచి, "ఒరే, మీ పెళ్ళికి మా తమ్ముడే కదరా సన్నాయి వాయించింది. అప్పుడు హలాలా?" అన్నాడు. అతను నవ్వేశాడు గానీ, ఆ నెల మా ఇంటికి భోజనానికి రాలేదు.

టీచరుగారు తనే పూనుకున్నారు. ఫిడేళ్ళు బాగుచేసే మనిషితో మాట్లాడి, మూడు ఫుల్ సైజువి వారంరోజులు తన ఇంట్లో పెట్టుకునేట్టు ఏర్పాటు చేశారు. "దుకాణంలో అయిదు నిమిషాల్లో అన్నీ బాగానే ఉంటాయి. నాలుగోరోజు ఎట్లా ఉంటుందో చూడాలి" అన్నారు. చిన్నాయన్ని కూడా రమ్మన్నారు. "ఆయన చెవి కావాలి నాకు" అన్నారు. ఈ మాట విని చిన్నాయన ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు.

ఒకటి కొత్తది, చైనాది, అద్దంలా మెరుస్తోంది, 22,000. ఒకటి కలకత్తాలో చేసింది, 18,000. మూడోది పాతది, జర్మనీదట, వార్నిష్ అక్కడక్కడా పోయింది, పక్కన ఒక పగులు అతికించి ఉంది, 35,000. నా మనసు చైనాదాని మీద పడింది. కొత్తది కొంటే కొన్నట్టుంటుంది గదా! టీచరుగారు నా చూపు కనిపెట్టి, "మాస్టారూ, మెరుపు చూడకండి, చెక్క చూడండి" అని ఒక్కోటీ చేతికిచ్చి చూపించారు. ముందు పలక స్ప్రూస్ చెక్క, మెత్తటిది. ఈనెలు సన్నగా, దగ్గరదగ్గరగా, నిటారుగా ఉండాలి. వెనకా పక్కలూ మేపుల్, గట్టిది. వేళ్ళు ఆనే పలక నిజం ఎబొనీ అయితే రంగు పూయనక్కర్లేదు, లోపలిదాకా నలుపే. నూనెవేలు జార్చినా దిగబడదు. బిరడాలు తిప్పి వదిలితే అక్కడే నిలవాలి. తీగెలు పలక చివర మరీ ఎత్తుగా ఉంటే పిల్లకి వేళ్ళు కోసుకుపోతాయి. బ్రిడ్జి వంగి ఉండకూడదు. ఎఫ్ అక్షరంలా ఉన్న చిల్లులోంచి టార్చిలైటు వేసి లోపల ఒక చిన్న పుల్ల చూపించారు. ముందు పలకకీ వెనక పలకకీ మధ్య నిలబడి ఉంది. జిగురు లేదు, మేకు లేదు, వట్టి ఒత్తిడి మీద నిలబడ్డ పుల్ల. సౌండ్‌పోస్ట్. దాన్ని ఫ్రెంచివాళ్ళూ ఇటలీవాళ్ళూ 'ఆత్మ' అంటారట. అది వెంట్రుకవాసి జరిగినా గొంతు మారిపోతుంది.

"మరి ఈ పలకలన్నీ దేంతో అతికారు?" అని అడిగాను.

"తోలు జిగురు. పశువుల తోళ్ళు, ఎముకలు ఉడికించి తీస్తారు. రిపేరొస్తే వేడికి విప్పదీసి మళ్ళీ అతకొచ్చు. అందుకే మన ఎండలకి జాగ్రత్త" అన్నారు.

"తీగెలు?"

"ఇప్పుడు ఉక్కువి, సింథటిక్‌వి. పూర్వం గొర్రె పేగు."

నేను చిన్నాయన వైపు చూశాను. ఆయన నా వైపు చూశాడు. ఇద్దరం ఏమీ అనలేదు. ఆ శుద్ధమైన హాల్లో, త్యాగరాజు పటం కింద, తోలు జిగురూ గుర్రం తోకవెంట్రుకలూ గొర్రె పేగూ కలిసి నాదమైన సంగతి ఆవిడ వంకాయకూర గురించి చెప్పినట్టు మామూలుగా చెప్పారు. నూజివీడు వీణ సంగతి కూడా అప్పుడే చెప్పారు. ఆ పనస చెక్క తొలిచి, మైనంలో మెట్లు నిలబెట్టే చేతులు సాయిబులవేనట. సరస్వతి ఒళ్ళో ఉండే వాయిద్యం! యాభై ఏళ్ళొచ్చిన తెలుగు మాస్టారిని, నాకీ సంగతి తెలీదు.

పాతదాంట్లో లోపల ఒక చీటీ అంటించి ఉంది. టార్చి వేస్తే ఇంగ్లీషు అక్షరాలు. "ఆంటోనియస్ స్ట్రాడివేరియస్" అని ఉంది. నాకు గుండె ఆగినంత పనైంది. ఆ పేరు నేనూ విన్నాను. కోట్ల ఖరీదు.

టీచరుగారు నవ్వారు. "ఉత్తుత్తిదే. జర్మనీలో మార్క్‌న్యూకిర్షెన్ అని ఒక ఊరు, అక్కడా చుట్టుపక్కలా వందేళ్ళ కిందట ఇళ్ళల్లో వేలకొద్దీ చేశారు. చాలావాటికి ఇదే చీటీ అంటించి పంపేవాళ్ళు."

"అబద్ధం పేరు ఎందుకు అంటించారు టీచర్?" అంది మా అమ్మాయి.

"ఆ పేరుంటే కొంటారని."

"దాని నిజం పేరేంటి మరి?"

"చేసినవాడు రాసుకోలేదు కదమ్మా, ఎట్లా తెలుస్తుంది!"

పిల్ల చిల్లులోంచి కన్ను తియ్యకుండా కాసేపు చూసింది. తర్వాత తల తిప్పి నా వైపు చూసింది. మామూలు చూపే కావచ్చు. నేను మాత్రం చాపమీద ఊడిన ఈనెని లాగుతూ కూర్చున్నాను.

నాలుగోరోజు పరీక్ష. టీచరుగారు పిల్లని గోడవైపు తిప్పి కూర్చోబెట్టారు. చిన్నాయన్ని పక్కగదిలోకి పంపారు. మూడింటిమీదా అదే వర్ణం, అదే కమానుతో, వరస మార్చిమార్చి వాయించారు. ఏది ఏదో చెప్పలేదు, ధర చెప్పలేదు. "ఒకటి, రెండు, మూడు అని గుర్తుపెట్టుకోండి. ఏది కావాలో ఆఖర్న చెప్పండి" అన్నారు. నాకు మూడూ ఫిడేళ్ళలాగే వినిపించాయి. చిన్నాయన గదిలోంచే అరిచాడు: "రెండోది! బాగా దూరం పోతది." అది కలకత్తాది. సన్నాయి మనిషి కదా, ఊరేగింపులో చివరివాడికి కూడా వినపడాలి ఆయనకి. టీచరుగారు ఒప్పుకోలేదు. "గట్టిగా పలుకుతుంది నిజమే. కానీ మంద్రంలో ఒక గొంతు, తారలో ఒక గొంతు. నాలుగు తీగెలూ ఒక్క మనిషివి కావు. పాప పక్కవాద్యం వాయించాలంటే పాడేవాళ్ళ గొంతుని అంటుకుని పోవాలి." ఇద్దరూ అరగంట వాదించుకున్నారు. నాదానికి గది చాలదంటాడు ఆయన. గదిలో నిలవనిది బయటా నిలవదంటారు ఆవిడ. నేను గడియారం చూసుకున్నాను. ఆ అరగంటా ఆవిడ బ్రాహ్మణావిడనీ ఈయన దూదేకుల సన్నాయివాడనీ ఆ గదిలో ఎవరికీ గుర్తులేదు. తర్వాత కాఫీ వచ్చింది. ముగ్గురికీ ఒకే రకం స్టీలు గ్లాసులు. చూశాను. అట్లాంటివి చూడకుండా ఉండటం నాకు చేతకాదు.

"నీకేదే?" అన్నారు టీచరుగారు పిల్లని.

"మూడోది" అంది గోడవైపు నుంచే. "దాంట్లో నిషాదం ఏడ్చినట్టు ఉంది టీచర్."

"మోహనలో నిషాదం ఎక్కడిదే మొద్దూ!"

"దైవతం. దైవతం."

పాత జర్మనీది. చిన్నాయన గదిలోంచి వచ్చి, ఈసారి దగ్గర కూర్చుని షడ్జం ఒక్కటే లాగమన్నాడు. పిల్ల కమాను మొదట్నుంచి చివరిదాకా లాగింది. ఆయన కళ్ళుమూసుకుని విని, "ఊపిరుంది" అన్నాడు. ఆయనతో అది ఒప్పుకున్నట్టే.

ఇంకో పదివేలు పైన కమాను కోసం కావాలన్నారు. పాత కమాను తేలిగ్గా వంకరపోయి ఉందిట. "ఫిడేలు మంచిదై కమాను చచ్చుదైతే లాభం లేదు మాస్టారూ." కమాను! నాలుగేళ్ళుగా వింటున్న మాటే. విల్లుకి ఫారసీ మాట. త్యాగరాజు కృతికి కూడా కమానే కావాలి, అక్కడ ధనుస్సు అనరు. మా ఇంట్లో దానికి విల్లు అని అచ్చతెలుగు మాట. నాకు నవ్వొచ్చింది. మా ఆవిడ గాజుల కోసం దాచిన డబ్బు ఇచ్చింది. "గాజులు మోగితే ఎవరు వింటారు" అంది. ఇచ్చేటప్పుడు మాత్రం రెండుసార్లు లెక్కపెట్టింది.

ఫిడేలు పెట్టెకి ఒక తోలుబిళ్ళ వేలాడుతుంది, పేరు రాసుకోడానికి. ఆ రాత్రి మా అమ్మాయి స్కెచ్‌పెన్ను తీసుకుని కూర్చుంది. "ఏం రాయను నాన్నా?" అని అడుగుతుందనుకున్నాను. అడగలేదు. "దూదేకుల నూర్జహాన్, 7వ తరగతి" అని రాసి, ఆరడానికి ఊదింది. అందులో 'దూ' కొంచెం పెద్దదైంది.

మర్నాడు టీచరుగారికి ఆ బిళ్ళ నేనే చూపించాను. చూపించి, నాలుగేళ్ళ కిందట చేసింది చెప్పాను. ఆవిడ కళ్ళద్దాలు తుడుచుకున్నారు. "నాకు మొదటిరోజే తెలుసు మాస్టారూ. మీ చిన్నాయనగారిని నాకు తెలీదా?" అన్నారు. కాసేపాగి, "మీరు జాను అంటే నాకూ హాయిగా అనిపించింది. ఎవరో ఒకరు ఏదో అంటారు, ఎందుకొచ్చిన గొడవ అనుకున్నా. అది నేనూ చెప్పుకోవాలి" అన్నారు. ఆ మాటకి నాకు కోపం రావాలో గౌరవం కలగాలో తెలీలేదు. రెండూ కలిగాయి.

ఆ దసరాకి ఒక మంటపంలో పిల్లల కచేరీ. కాయితం మీద పూర్తి పేరు వెళ్ళింది. నిర్వాహకుల్లో ఒకాయన ఫోన్ చేసి ఆరా తీశాడట. "సన్నాయి వాళ్ళ పిల్లేనండీ" అని టీచరుగారు చెబితే "అట్లయితే సరే" అన్నాడట. అంటే, ఏ గుమ్మంలోంచి వస్తే రానిస్తారో ఆ గుమ్మం ఆయన మనసులో ముందే ఉంది. సన్నాయివాళ్ళ పిల్ల కాకుండా వట్టి సాయిబుల పిల్లైతే ఏమనేవాడో! నేను టీచరుగారిని అడగలేదు. పిల్ల మోహన వర్ణం వాయించింది. రెండోకాలంలో ఒకచోట తడబడి సర్దుకుంది. ఉర్దూ వీధి నుంచి ఇద్దరు, మా బడినుంచి నలుగురు వచ్చారు. తోడల్లుడు వచ్చి వెనక నిలబడి, అయిపోకముందే వెళ్ళాడు.

ఇంటికి రాగానే నాయన "అది ఇట్టా పట్రా" అన్నాడు. ఎనభై దాటాయి, మంచం దిగడం కష్టం. పెట్టె విప్పి ఒళ్ళో పెట్టాం. ఎన్ని ఏళ్ళు నరం కొట్టిన చేతులో, ఇప్పుడు వణుకుతాయి. చూపుడువేలితో మందర తీగెని ఒకసారి మీటాడు. ఇంకోసారి మీటి చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"పేగేనా?"

"కాదు తాతా, స్టీలు" అంది పిల్ల. "పూర్వం పేగేనంట. గొర్రెది."

"మరి ఇది?" అని కమాను వెంట్రుకలు చూపించాడు.

"గుర్రం తోకవి."

"ఓరి నీ..." అని నవ్వాడు. పళ్ళులేని నోరు. నవ్వుతూనే బిరడాలు తడిమాడు, వెనక అతికిన పగులుమీద బొటనవేలు నడిపాడు, ఎవరు అతికారోగానీ పనివాడే అన్నాడు. లోపలి చీటీ సంగతి చెప్పబోతే వినిపించుకోలేదు.

"అమ్మాయ్, ముసురు పట్టినరోజు జాగ్రత్త. గాలి తడి తగిలితే బిగువు తప్పుద్ది. గుడ్డ చుట్టి, గోడకి ఆనించకుండా పెట్టు" అన్నాడు.

పిల్ల లేచి అలమరలో గుడ్డ వెతకడానికి పోయింది.